అతుకుల బండి ఎప్పుడు కుదురుతుంది?

ఒక బండి ఇంజను, ఇంకో బండి ఛాసిస్, మూడోదాని ముందు ఫోర్కులు. ఇలా ఏరి తెచ్చిన భాగాలతో మట్టిదారుల రేసుకి బండి కట్టుకోవడం ఈనాటి సరదా కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో స్క్రాంబ్లింగ్ పోటీలు ఊపందుకున్నప్పటి నుంచీ సాగుతున్న పనే. యాభైల, అరవైల, డెబ్బైల నాటి బళ్లకు ఇప్పుడు విడిగా పోటీలు, తరగతులు వచ్చాయి. వాటితోపాటు పాత వాదన కూడా మళ్లీ మొదలైంది. అన్ని కంపెనీల్లోంచీ మంచివి ఏరుకుంటే ఏ ఫ్యాక్టరీ బండీ దాని ముందు నిలవదని ఒక వర్గం అంటుంది. ఇంజనీర్లు లెక్కలు వేసి ఒకదానికొకటి సరిపెట్టిన భాగాలను విడదీస్తే రెండు మంచి బళ్లు పోయి ఒక చెడ్డ బండి మిగులుతుందని రెండో వర్గం వాదన.

ఇద్దరి దగ్గరా ఉదాహరణలున్నాయి. వాటిని వరుసలో పెట్టి చూస్తే తేలేది ఇది: నిలబడిన అతుకుల బళ్లు దాదాపు అన్నీ ఏదో ఒక్క లోపాన్ని దిద్దడానికి పుట్టాయి. ఆ లోపం ఏమిటో కట్టేవాడికి ముందే తెలుసు. మిగతావి గుర్రపు నాడా దొరికిందని గుర్రాన్ని కొన్న బాపతు.

ఇంజను వేరు, గేర్‌బాక్స్ వేరు

యాభైల నాటి బ్రిటిష్ బళ్లలో చాలావాటికి ఇంజను ఒక డబ్బా, గేర్‌బాక్స్ మరో డబ్బా. రెండిటినీ కలిపేది ప్రైమరీ చెయిన్. ఛాసిస్‌కి పట్టి ఉంచేవి బోల్టులు వేసిన పలకలు. ఆ పలకలు కొత్తగా కోసుకుంటే చాలు, ఒక కంపెనీ ఇంజను వెనక ఇంకో కంపెనీ గేర్‌బాక్స్‌ను కూర్చోబెట్టవచ్చు. హాక్సా, డ్రిల్లు, ఓపిక ఉన్నవాడికి ఇది ఇంటి షెడ్డులో తేలే పని. అతుకుల బండి బ్రిటన్‌లో అంతగా వ్యాపించడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం అవసరం. ట్రయంఫ్ రెండు సిలిండర్ల ‘ట్విన్’ ఇంజను తేలిక, చురుకు. కానీ యాభైల మొదట్లో ఆ కంపెనీ వెనక చక్రానికి ఇచ్చిన సస్పెన్షన్ హబ్బు లోపల ఇరికించిన స్ప్రింగులే. గతుకుల్లో అవి చాలేవి కావు. గట్టి గొట్టాలు, స్వింగార్మ్ ఉన్న ఛాసిస్ బీఎస్ఏ దగ్గర ఉంది. దాంట్లో ట్రయంఫ్ ఇంజను కూర్చోబెడితే ‘ట్రైబీఎస్ఏ’ అయింది. ఇక్కడ లోపం ఒక్కటే, మందూ ఒక్కటే.

తారు రోడ్డు మీద పుట్టిన ‘ట్రైటన్’ కథ కొంచెం వేరు. 500 సీసీ ఫార్ములా 3 కార్లు నడిపేవాళ్లకు నార్టన్ మ్యాంక్స్ ఇంజన్లు కావాల్సి వచ్చాయి. వాటిని విడిగా అమ్మేవారు కాదు కాబట్టి బండి మొత్తం కొని ఇంజను తీసేసుకునేవారు. అలా మిగిలిపోయిన ‘ఫెదర్‌బెడ్’ అనే నార్టన్ ఛాసిస్‌లలోకి ట్రయంఫ్ ఇంజన్లు చేరాయి. చేతికందిన భాగంతో మొదలైనా ఇది నెగ్గింది. కారణం, ఆ మిగిలిపోయిన భాగం ఆనాటి రేసు ఛాసిస్‌లలో మేటి కావడమే. అలాంటి అదృష్టం అందరికీ పట్టదు.

రిక్‌మన్ అన్నదమ్ములు నేర్పింది

ఈ చరిత్రలో ఎక్కువసేపు ఆగి చూడాల్సిన చోటు హాంప్‌షైర్‌లోని న్యూ మిల్టన్. అక్కడి డెరెక్, డాన్ రిక్‌మన్‌లు స్వయంగా మోటోక్రాస్ రేసర్లు. యాభైల చివర్లో ట్రయంఫ్ ఇంజనుకి బీఎస్ఏ, నార్టన్ భాగాలు జోడించి ‘మెటిస్’ అనే బండి కట్టారు. అది బాగా పరిగెత్తింది. వాళ్లు అక్కడితో ఆగి ఉంటే వందల అతుకుల బళ్లలో అదీ ఒకటై ఉండేది.

ఆ బండి నడుపుతూ ఎక్కడ ఏది తక్కువవుతోందో గమనించారు. తర్వాత అరువు ఛాసిస్‌ను పక్కనపెట్టి సొంతది గీసుకున్నారు. గొట్టాలకు రేనాల్డ్స్ 531 ఎంచుకున్నారు. మాంగనీస్, మాలిబ్డినం కలిసిన ఈ ఉక్కు 1935 నుంచే మార్కెట్లో ఉంది. గోడ పలచగా ఉన్నా బలం తగ్గదు. చిక్కల్లా అతికేటప్పుడే. ఉక్కు కరిగేంత వేడి తగిలితే అతుకు పక్కన బలం పోతుంది. అందుకే తక్కువ వేడికి కరిగే కంచు కడ్డీతో అతికేవారు. పైన నికెల్ పూత. ఇంజను ఆయిల్‌ను ఛాసిస్ గొట్టాల్లోనే నింపారు. దాంతో ఆయిల్ ట్యాంకు అక్కర్లేకపోయింది, నిలబడి నడిపేవాడి కాళ్ల మధ్య బండి సన్నబడింది, గాలి తగిలే గొట్టాల్లో ఆయిల్ చల్లబడింది. ఒక్క మార్పుతో మూడు లాభాలు.

ఆ ఛాసిస్‌ను ఇంజను లేని కిట్టుగా అమ్మారు. కొన్నవాడు తన దగ్గరున్న ఇంజను బిగించుకోవాలి. అంటే భాగాలు కలపడాన్ని వాళ్లు మానలేదు, దానికి ఒక పద్ధతి ఏర్పరిచారు. స్పెయిన్‌లోని బుల్టాకో కంపెనీ కూడా తన మోటోక్రాస్ బండికి రిక్‌మన్ డిజైనే తీసుకుంది. అతుకుల బండిని వాళ్లు పరీక్ష కోసం వాడుకున్నారు. అందులో బయటపడిన లోపాలే తర్వాతి ఛాసిస్‌కి గీతలయ్యాయి.

ఎడారిలో తీసేయడమే పని

అదే కాలంలో కాలిఫోర్నియా ఎడారి రేసుల్లో లెక్క వేరుగా ఉంది. అక్కడ ఇరుకు మలుపులు తక్కువ, దూరాలు ఎక్కువ, ఇసుక, రాళ్లు. ఆ నేల మీద ట్రయంఫ్ 650 సీసీ టీఆర్6 రాజ్యమేలింది. దాన్ని ‘డెజర్ట్ స్లెడ్’గా మార్చేవాళ్లు కలిపినదాని కంటే తీసేసింది ఎక్కువ. లైట్లు, మడ్‌గార్డులు, సైలెన్సర్ల బరువు పోయేది. ఇంజను కింద రాళ్ల దెబ్బకి పలక, వెడల్పు హ్యాండిలు, దుమ్ము ఆపే ఎయిర్ ఫిల్టరు వచ్చేవి. 1955లో క్యాటలీనా ద్వీపపు రేసు గెలిచిన బడ్ ఎకిన్స్ ఈ పనిలో ఆరితేరినవాడు. అతని స్నేహితుడు, సినిమా నటుడు స్టీవ్ మెక్వీన్ కూడా ట్రయంఫ్ ఇంజనున్న రిక్‌మన్ మెటిస్‌ను ఎడారిలో నడిపాడు. 1964లో తూర్పు జర్మనీలోని ఎర్‌ఫుర్ట్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల ట్రయల్‌కి ఇద్దరూ ట్రయంఫ్ బళ్లతోనే వెళ్లారు, చివరిదాకా నిలవలేకపోయారు. సొంత ఎడారికి సరిపడ్డ బరువైన ట్విన్, అడవి దారులకు సరిపడుతుందన్న హామీ ఏమీ లేదు.

ఆ పోటీల్లో అప్పటికే ఎంజెడ్, జావా వంటి టూ స్ట్రోక్ బళ్లు దూసుకొచ్చేశాయి. మోటోక్రాస్‌లోనూ అంతే. 250 సీసీలో టోర్‌స్టెన్ హాల్‌మన్ హస్క్‌వర్నా మీద 1962, 63, 66, 67ల్లో ప్రపంచ విజేత అయ్యాడు. 1964లో ఆ కిరీటం చెక్ కంపెనీ సీజెడ్ బండి మీద జోయెల్ రాబర్ట్‌కి వెళ్లింది. అరకొర మార్పులతో బరువు బళ్లను తేలికచేసే అవసరం అక్కడితో తగ్గిపోయింది. బండి పుట్టుకతోనే తేలికగా వస్తోంది.

ఫ్యాక్టరీలు కట్టినవీ అతుకులే

భాగాలు కలపడం షెడ్డు మెకానిక్కులకే పరిమితం అనుకుంటే పొరపాటు. ఎసెక్స్‌లోని గ్రీవ్స్ కంపెనీ చాలా ఏళ్లు విలియర్స్ ఇంజన్లు కొని తన ఛాసిస్‌లలో బిగించింది. ఛాసిస్ ముందుభాగం అల్యూమినియం పోతతో చేసిన దిమ్మె. ఆ బండి మీద డేవ్ బికర్స్ 1960, 61ల్లో 250 సీసీ యూరప్ ఛాంపియన్. అమెరికాలో జాన్ పెంటన్ 1968లో తెచ్చిన తేలిక బండికి ఛాసిస్ ఆస్ట్రియాలోని కేటీఎం కడితే ఇంజను జర్మనీలోని సాక్స్ ఇచ్చింది. వీళ్లకీ షెడ్డు మెకానిక్‌కీ తేడా ఒకటే: ఇంజను తెలిశాకే ఛాసిస్ గీశారు.

1968లోనే యమహా డీటీ1 వచ్చింది. 250 సీసీ టూ స్ట్రోక్, లైట్లతో సహా. వారం రోజులు రోడ్డు మీద తిప్పి ఆదివారం మట్టిదారిలో నడపవచ్చు. అప్పటిదాకా మనిషి షెడ్డులో కట్టుకోవాల్సిన బండి షోరూంలో దొరికింది. పైగా ఈ కొత్త బళ్లలో ఇంజను, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉంటాయి. పలకలు కోసి గేర్‌బాక్స్ మార్చుకునే దారి మూసుకుపోయింది.

మేలైన భాగమే మేలైన బండి అనే నమ్మకానికి పెద్ద దెబ్బ కూడా ఫ్యాక్టరీ నుంచే తగిలింది. జెఫ్ స్మిత్ 1964, 65ల్లో బీఎస్ఏ మీద 500 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1966లో ఆ బండిని ఇంకా తేలిక చేయాలని కంపెనీ ఛాసిస్‌ను టైటానియంతో కట్టింది. లోహం ఉక్కు కంటే చాలా తేలికే. కానీ పరుగులో వంగింది, పగిలింది. టైటానియం అతకాలంటే గాలి సోకకుండా ఆర్గాన్ లాంటి వాయువు మధ్య అతకాలి. రేసు మైదానం పక్కన అది కుదరదు. ఆ ఏడాది టైటిల్ సీజెడ్ టూ స్ట్రోక్ మీద పాల్ ఫ్రీడ్రిక్స్ పట్టుకుపోయాడు. ఇంత పెద్ద కంపెనీకే ఒక్క లోహపు మార్పు ఇలా తిరగబడిందంటే, నాలుగు భాగాలు ఒకేసారి మార్చేవాడు ఎంత ఆలోచించాలో చెప్పనక్కర్లేదు.

ఇవాళ కట్టేవాడి ముందున్న లెక్కలు

ఇప్పుడు వింటేజ్ రేసుల్లో భాగాలు కలపడాన్ని నిబంధనలు పూర్తిగా కాదనవు, కాలాన్ని మాత్రం దాటనివ్వవు. అమెరికాలోని ఏహెచ్ఆర్ఎంఏ సంస్థ వింటేజ్ మోటోక్రాస్ తరగతుల్లో చక్రం పైకీ కిందకీ కదిలే దూరానికి హద్దు పెట్టింది. ముందు 7 అంగుళాలు, వెనక 4 అంగుళాలు. ఈ హద్దు వెనక చరిత్ర ఉంది. 1973లో వెనక ఒకే షాకబ్జరున్న యమహా మోనోషాక్ మీద హాకన్ ఆండర్సన్ 250 సీసీ టైటిల్ గెలిచాక, మిగతా కంపెనీలు కూడా వెనక సస్పెన్షన్ కదలికను ఏడాదికేడాది పెంచుకుపోయాయి. దానికి ముందు బండి, తర్వాత బండి వేర్వేరు జాతులు.

అతుకుల బండి కట్టేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. అరవైల ఛాసిస్‌కి ఎనభైల ఫోర్కులు తగిలిస్తారు. స్టీరింగ్ బేరింగు సరిపోయిందా, ట్రిపుల్ క్లాంపు పట్టిందా అని మాత్రమే చూస్తారు. మెకానిక్ కూడా ‘పట్టేసింది సార్’ అంటాడు. రెండు చక్రాల మధ్య దూరం 1,400 మి.మీ. ఉన్న బండికి 50 మి.మీ. పొడవెక్కువ ఫోర్కులు వేస్తే స్టీరింగ్ కోణం రెండు డిగ్రీల దాకా వెనక్కి వాలుతుంది. 21 అంగుళాల ముందు చక్రం, 55 మి.మీ. ఆఫ్‌సెట్ (స్టీరింగ్ ఇరుసుకీ ఫోర్కులకీ మధ్య దూరం) ఉన్నచోట కోణం 28 నుంచి 30 డిగ్రీలకి మారితే ట్రెయిల్ (స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటు నుంచి టైరు నేలకి ఆనే చోటుకి దూరం) సుమారు 120 నుంచి 135 మి.మీ.కి పెరుగుతుంది. తిన్నని దారిలో బండి నిబ్బరంగా పోతున్నట్టే అనిపిస్తుంది. చెట్ల మధ్య ఇరుకు మలుపు వచ్చేసరికి తిరగనని మొరాయిస్తుంది. పైగా వెనక షాకబ్జర్లు పాతవే కాబట్టి ముందు చక్రం గుంతను మింగేస్తుంది, వెనక చక్రం మనిషిని ఎగరేస్తుంది. ఫోర్కులు ఎంత ఖరీదైనవైనా ఈ తేడా పోదు.

చెయిన్ సంగతీ అంతే. ముందు స్ప్రాకెట్‌కీ స్వింగార్మ్ ఇరుసుకీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే, చక్రం కదిలినప్పుడు చెయిన్ అంత బిగుసుకుంటుంది, అంత వదులవుతుంది. ఇంజను మార్చినప్పుడు ఈ దూరం మారకుండా ఉండటం అరుదు. దీన్ని కనిపెట్టడానికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. లోపల ఏమీ లేని ఖాళీ ఇంజను డబ్బాను ఛాసిస్‌లో తాత్కాలికంగా కూర్చోబెడతారు. ఫోర్కుల్లోంచి, షాకబ్జర్ల నుంచి స్ప్రింగులు తీసేసి, బండిని స్టూలు మీద పెట్టి, చక్రాన్ని చేత్తో కింది హద్దు నుంచి పై హద్దు దాకా ఎత్తుతారు. చెయిన్ ఎక్కడ బిగిసిందో వేలితో చూస్తారు. ముందు టైరు ఎగ్జాస్టు పైపుకి తగులుతోందా, వెనక టైరు మడ్‌గార్డుని రాస్తోందా అనేది కంటికే కనబడుతుంది. రెండు స్ప్రాకెట్లు ఒకే గీతలో ఉన్నాయా అని ఇనప బద్దను ఆనించి చూస్తారు. మౌంటింగ్ పలకలు కోయడం ఇదంతా అయ్యాకే. ఒక పూట పని. దీన్ని మానేసినవాళ్ల డబ్బు తర్వాత లేత్ దగ్గర కరిగిపోతుంది.

టూ స్ట్రోక్ అయితే ఎగ్జాస్టు పైపు కూడా ఇంజనులో భాగమే. పైపులో వెనక్కి తిరిగొచ్చే పీడన తరంగం సరైన క్షణానికి పోర్టు దగ్గరికి చేరాలి, అది గొట్టం పొడవు మీద ఆధారపడుతుంది. కొత్త ఛాసిస్‌లో ఖాళీ లేదని పైపును కోసి వంచితే ఇంజను బలం వచ్చే స్పీడు మారిపోతుంది. వంపులు మార్చుకోవచ్చు, కొలతలు మాత్రం మార్చకూడదు. గేరింగు ఒక్కటే చౌకగా తేలే వ్యవహారం. ముందు 15, వెనక 42 పళ్లున్న బండికి 14, 50 వేస్తే లాగే శక్తి పాతికశాతానికి పైగా పెరుగుతుంది, పై స్పీడు ఆ మేరకు తగ్గుతుంది. నచ్చకపోతే సాయంత్రానికి తిరిగి మార్చేయవచ్చు.

మన దగ్గరి సరుకు, మన చట్టం

తెలుగు పాఠకుడికి ఈ కథలో పరాయితనం తక్కువ. మద్రాసులో 1955 నుంచి తయారైన బుల్లెట్‌కి బరువు బండి అన్న పేరుంది గానీ దాని పుట్టుక మట్టిలోనే. వెనక స్వింగార్మ్ ఉన్న బుల్లెట్ నమూనాలు 1948లో ఇటలీలోని శాన్‌రెమోలో జరిగిన ఆరు రోజుల ట్రయల్‌లో బంగారు పతకాలు తెచ్చాయి. జానీ బ్రిటన్ అదే బుల్లెట్ మీద 1952లో స్కాటిష్ ఆరు రోజుల ట్రయల్ గెలిచాడు. మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారైన జావా, యెజ్డీలది సీజెడ్‌తో ఒకే దేశపు చుట్టరికం. యెజ్డీ ఒంటి సిలిండరుకి రెండు సైలెన్సర్లెందుకని అడిగేవాళ్లకు ఒక మాట: సీజెడ్ తొలి 250 మోటోక్రాస్ బళ్లకూ రెండు పైపులే ఉండేవి, తర్వాత ఆ కంపెనీ ఒక్క పైపుకి మారింది.

మన మెకానిక్కులకు కలపడం కొత్త కాదు. ఆర్ఎక్స్100 మీద ఆర్ఎక్స్135 సిలిండరు ఎక్కించడం బాగా తెలిసిన ఉదాహరణ. రెండు ఇంజన్లకూ స్ట్రోకు 50 మి.మీ.; బోరు మాత్రమే 50 నుంచి 58కి పెరుగుతుంది. క్రాంక్ మార్చకుండా 98 సీసీ 132 అవుతుంది. క్రాంక్ కేసు నోరు, కింది పోర్టులు సరిపోతున్నాయో లేదో కొలిపించుకోవాలి, అంతే. ఒకే ఇంటి భాగాలు, ఒకే లోపం, ఒకే మార్పు. రిక్‌మన్‌ల సూత్రం ఇక్కడా పనిచేసింది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్, వెల్డింగ్, పాత భాగాలు నాలుగు అడుగుల్లో దొరుకుతాయి కాబట్టి ఇలాంటి పనికి మనకు కొరత లేదు.

కొరత వేరే చోట ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. యాభై ఏళ్లు దాటిన బళ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది గానీ, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసిన బండికి అది వర్తించదు. అంటే రెండు బళ్లు కలిపి కట్టినది రోడ్డెక్కే దారి దాదాపు లేనట్టే. మూసిన ట్రాక్‌లో నడపాలి, అక్కడికి ట్రాలీ మీద తీసుకెళ్లాలి. ఆర్సీ ఉన్న మంచి యెజ్డీని ఈ పనికి కోసేస్తే ఆ ఆర్సీకి విలువ పోతుంది.

కోయాలా, వద్దా

ఇక్కడే అసలు బళ్లను కాపాడాలనే వర్గం మాటకు బలం వస్తుంది. అరవైల్లో ట్రయంఫ్‌లు, బీఎస్ఏలు వీధికొకటి. అప్పుడు ఒకటి కోసినా లోకానికి నష్టం లేదు. ఇప్పుడు లెక్క తిరగబడింది. ఇంజను, ఛాసిస్ నంబర్లు కలిసిన బండికి దొరికే ధర అతుకుల బండికి రాదు. కాబట్టి కట్టేవాడు పూర్తి బండిని ముట్టుకోకుండా, ఏనాడో విడిపోయి మూలపడ్డ భాగాలతో మొదలుపెట్టడం న్యాయం. ఇంజను లేని ఛాసిస్, కాగితాల్లేని ఇంజను, ప్రమాదంలో వంగిన బండి నుంచి మిగిలిన చక్రాలు. వీటిని కలిపితే పోయేదేమీ లేదు, ఒక బండి పెరుగుతుంది.

ఫ్యాక్టరీ కొలతలను ముట్టుకోకూడదనేవాళ్లు మాత్రం రిక్‌మన్‌లకు జవాబు చెప్పలేరు. ఫ్యాక్టరీ బండిలో లెక్కలు ఖర్చుకు, అమ్మకానికి, రోడ్డు మీద నడిపే మామూలు మనిషికి సరిపెట్టినవి. ఒక్క మట్టిదారికి సరిపడే బండి కావాలంటే ఆ లెక్కను ఎవరో ఒకరు మళ్లీ వేయాల్సిందే. అది ఏ భాగం నుంచి మొదలవుతుందన్న దాంట్లోనే ఉంది గెలుపోటముల తేడా. సొంతంగా ఛాసిస్ గీయనివాడు ముందు ఛాసిస్‌ను ఎంచుకోవాలి, దాని వయసుకి, కదలికకి సరిపడే ఫోర్కులు, చక్రాలు వెతకాలి, ఆ తర్వాతే ఇంజను. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే అమ్మకానికి వచ్చిన భాగాల్లో కళ్లు చెదిరేది ఇంజనే. రెండో భాగం కొనేముందు మొదటిదానిలో ఏ లోపం దిద్దబోతున్నాడో కట్టేవాడు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ డబ్బుతో ఉన్న బండికే కొత్త బుష్‌లు, బేరింగులు, స్ప్రాకెట్లు వేయించుకోవడం మేలు; రేసులో కూడా అదే ముందు వస్తుంది.